కావలి తుపాకి

సర్కారు హుకుం కచేరీలో ఉర్దూలో పుట్టేది. పట్వారీ నోట్లో సగం తెలుగయ్యేది. చివరకు చాటింపు కాటయ్య డప్పు మీదికి ఎక్కేసరికి దాని తల ఎక్కడో తోక ఎక్కడో పుట్టించినవాడికి కూడా తెలిసేది కాదు. ఊళ్లోవాళ్లు గడపలో నిలబడి విని, "సరే తియ్, మనకేంది" అని లోపలికి పోయేవాళ్లు. సత్తెమ్మ మాత్రం పోయేది కాదు. తుపాకుల మాట చెవిన పడిందంటే చేతిలో పని చేతిలోనే వదిలేసి కాటయ్య వెనక వాడవాడా తిరిగేది. ఒక వాడలో మింగేసిన ముక్కను ఇంకో వాడలో కక్కుతాడని ఆమెకు తెలుసు. అన్ని ముక్కలూ కలుపుకుంటే తప్ప హుకుం పూర్తయ్యేది కాదు.

"నీకెందుకే తుపాకుల ముచ్చట, నీ మొగడేమన్న తాసిల్దారా?" అని కాటయ్య వేళాకోళం చేసేవాడు. సత్తెమ్మ నవ్వేది కాదు. ఆ రోజుల్లో తుపాకి మాట విని నవ్వగలిగినవాళ్లు రెండే రకాలు, తుపాకి సొంతంగా ఉన్నవాళ్లూ, అసలు తుపాకి మొహమే చూడనివాళ్లూ. సత్తెమ్మది ఆ రెంటికీ నడుమ బతుకు.

ఆమె పుట్టింది దామరచర్ల దిక్కు, కృష్ణ ఒడ్డున. కాపురానికి వచ్చింది కోదాడ దగ్గర వాగు పక్కనున్న ఈ పల్లెకు. వాగుకు ఈ ఒడ్డు నైజాం. ఆ ఒడ్డు మునగాల పరగణా, అంటే మద్రాసు సర్కారు, బెజవాడ కోర్టులు. ఒక ఒడ్డున చెల్లిన లైసెన్సు రెండో ఒడ్డున చిత్తు కాగితం. అడవి పందులకు మాత్రం ఆ పట్టింపు లేదు. అవి రెండు రాజ్యాల జొన్నా సమానంగా తినేవి.

మొగుడు మైసయ్య దొరసాని రంగనాయకమ్మ దగ్గర జీతగాడు. దొర పోయి చాలా ఏళ్లయింది. పొలమూ, గడీ, ఒక పాత టోపీ తుపాకీ దొరసానికి మిగిలాయి. ఆ తుపాకి మీద దొర పేరే ఉండేది. పంట చేతికొచ్చే కాలంలో అది మైసయ్య భుజాన ఉండేది. లైసెన్సు దొరది, భుజం జీతగానిది. చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా అదే పద్ధతి, దానిమీద ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. మైసయ్య మంచె మీద కావలి ఉంటే సత్తెమ్మ అంబలి తీసుకుపోయి అక్కడే కూర్చునేది. ఇంట్లో ఎదురుచూసే పిల్లలు లేరు. పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మంచె మీద మొగుడి పక్కన కూర్చుని తుపాకి మందు సంచీ అందించడం, కొబ్బరి పీచు చిన్న చిన్న ఉండలు చుట్టివ్వడం ఆమెకు ఒక విధంగా సంసారమే.

రజాకార్ల కాలంలో హుకుం వచ్చింది, తుపాకులన్నీ కోదాడ ఠాణాలో అప్పజెప్పాలని. దొరసాని అప్పజెప్పలేదు. పెట్టెలు బండ్లకెత్తి బెజవాడకు పారిపోతూ మైసయ్యను పిలిచి, "పంట పోయిందంటే నీ సంగతి చెప్త. తుపాకి మంచె మీదనే ఉండనీ" అన్నది. ఆ తరువాత యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారు. మనుషులు ఊపిరి పీల్చుకునేలోపే కొత్త హుకుం వచ్చింది. తుపాకి ఉండి అప్పజెప్పని ఆసామిని సంఘపోళ్లకు, అంటే సర్కారు మీద పోరాడే కమ్యూనిస్టు దళాలకు, ఇచ్చినవాడి కింద లెక్కగడతారట.

దొరసాని అప్పటికి సూర్యాపేటలో చుట్టాలింట దిగి ఉంది. ఆమె చెడ్డ మనిషని నేననను. భయస్తురాలు. భయస్తుల చేతిలో అధికారం ఉంటే పక్కవాడి మెడకు చుట్టుకుంటుంది. అధికారులు అడగంగానే, "మా తుపాకి సంఘపోళ్లు ఎత్తుకపోయిన్రు" అన్నది. అది ఎవరి దగ్గర ఉండేదని వాళ్లడిగారు. "మా జీతగాని దగ్గర" అన్నది. ఆ ఒక్క మాటతో మిలిటరీ జీపు పల్లెకు బయలుదేరింది.

మైసయ్య ఇంటి ముందు గొర్రు బిగిస్తున్నాడు. ఎందుకు పట్టుకుంటున్నారో కూడా చెప్పకుండా జీపులో పడేశారు. సత్తెమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమెకు తోచిందొకటే. తుపాకి దొరికితే మొగుణ్ణి అక్కడికక్కడే కాలుస్తారు. ఆ మధ్య ఎన్ని ఊళ్లలో కాల్చారో ఆమె విన్నది. జీపు దుమ్ము ఇంకా అణగకముందే చేనుకు ఉరికి, మంచె మీది తుపాకిని గొంగడిలో చుట్టి, నిరుటి జొన్న చొప్ప కుప్ప నడుమకు తోసింది.

అక్కడే కొంప మునిగింది. మైసయ్యకు అబద్ధం చెప్పడం రాదు. దెబ్బలు పడకముందే, "తుపాకి యాడికి పోలె, మంచె మీదనే ఉన్నది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. సిపాయీలు వచ్చి మంచె అంతా పీకి చూశారు. ఏమీ లేదు. మొగుడు చెప్పిన నిజాన్ని ఆమె చేతులే అబద్ధం చేశాయి. ఆ తరువాత పడ్డ దెబ్బలన్నీ ఆ అబద్ధానికే. మొదట మిర్యాలగూడలో పెట్టారు, తరువాత సూర్యాపేట క్యాంపుకు మార్చారు. ఏడుస్తూ కూర్చుంటే మనిషి వస్తాడా? సత్తెమ్మ మళ్లీ డప్పు కోసం చెవులు రిక్కించింది.

జొన్న కోతలయ్యాక ఆ చాటింపు వచ్చింది. సూర్యాపేటలో బహిరంగ విచారణ జరుగుతుంది. తుపాకులు అక్కడికి తెచ్చి ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదు. తుపాకుల కారణంగా పట్టుబడినవాళ్ల తరఫున ఎవరైనా వచ్చి అందరి ముందూ మాట్లాడవచ్చు. కాటయ్య ఒక వాడలో ఇంతే చెప్పాడు. రెండో వాడలో, "నింపినోనికి జైలు" అని ఇంకో ముక్క జారవిడిచాడు. ఆ ముక్క వినగానే సత్తెమ్మ కాటయ్య వెనక నడవడం ఆపేసింది.

ఎందుకంటే ఆ తుపాకి నింపి ఉంది.

కావలివాళ్ల పద్ధతి అది. పొద్దు గుంకేటప్పుడు గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి, సీసపు రవ్వలు పోసి, మళ్లీ పీచు కుక్కి, మీట నొక్కితే వచ్చి కొట్టే గుర్రం కింద రాగి టోపీ తొడుగుతారు. పంది వస్తే పేలుస్తారు. రాకపోతే అది అట్లాగే ఉంటుంది, రేపటికి పనికొస్తుందని. దాన్ని ఖాళీ చెయ్యాలంటే కావలివాడికి తెలిసిన దారి ఒక్కటే, కాల్చడం. పంది రాని రోజు మందు దండగ చేసేంత కలవాడు ఏ జీతగాడూ కాడు. మైసయ్య చివరిసారి నింపిన రోజు పంది రాలేదు.

సత్తెమ్మ వాగు దాటి నడిగూడెం పోయింది. అక్కడ మిషన్ బడి పంతులు ఏసుపాదానికి బెజవాడ నుంచి పేపరు వచ్చేది. రెండేళ్లుగా కాటయ్య నోట విన్నవాటిని ఆయన దగ్గర సరిచూసుకోవడం ఆమెకు అలవాటు.

"మళ్లొక్కసారి సదువు పంతులూ" అన్నది.

"ఎన్నిసార్లు చదివినా అందులో ఉండేది అదేనమ్మా."

"కాటయ్య తీరుకొక్క తీరు చెప్తడు. జర నిమ్మలంగ సదువు."

ఆయన చదివాడు. తుపాకి గొట్టం మూతికి తెల్లగుడ్డ కట్టాలి. రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకుని రావాలి. తుపాకి పనిచేసే స్థితిలో ఉండాలి. విరగ్గొట్టినా, నీళ్లు పోసి పాడుచేసినా, సర్కారును మోసం చేసినట్టే. మందు పోసి ఉన్న తుపాకి తేకూడదు. తెస్తే, నింపినవాడు పోరాటానికి సిద్ధపడ్డవాడి కింద లెక్క.

"నింపినోడా, తెచ్చినోడా?" అని అడిగింది.

"నింపినవాడమ్మా. తెచ్చినవాడికి మాఫీ ఉంది."

"ఎవలు నింపిన్రో ఆళ్లకెట్ల తెలుస్తది?"

"అడుగుతారు" అన్నాడు ఏసుపాదం. పేపరు మడిచి, ఆమె మొహం చూడకుండా అన్నాడు, "ఇంకో మాట. ఈ మాఫీ నైజాం వైపే. మా పరగణాలో చెల్లదు. ఇక్కడ నడిరోడ్డు మీద తుపాకితో దొరికితే మా పోలీసుల చట్టం వేరు. కోదాడ నుంచి సూర్యాపేట పోవాలంటే మునగాల మీదుగానే పోవాలి మరి. నీ దగ్గర గాని ఉందా ఏమిటి?"

"నా కాడేముంటది పంతులూ. గొంగడి ఉంటది" అన్నది సత్తెమ్మ.

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఆయనకూ భయమే. ఆ కాలంలో మంచివాళ్లు చేయగలిగిన మేలు చాలావరకు అడగకుండా ఉండడమే.

తిరిగొచ్చి చేనులోని చొప్ప కుప్పలోంచి తుపాకి తీసింది. కాల్చి ఖాళీ చేద్దామంటే, ఆ చప్పుడుకు కోదాడ క్యాంపు నుంచి సిపాయీలు ఒక దిక్కు నుంచి, తుపాకి కోసం దళంవాళ్లు ఇంకో దిక్కు నుంచి దిగుతారు. నీళ్లు పోద్దామంటే హుకుం ఒప్పుకోదు. గుర్రం మెల్లగా ఎత్తి రాగి టోపీ గోటితో పీకి చూసింది. మంచుకు చిలుము పట్టి అది ఊడి రాలేదు. ఇనుముతో పీకొద్దని మైసయ్య వెయ్యిసార్లు చెప్పాడు. అట్లా పీకబోయి పక్క ఊరి కావలివాడొకడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆమె గుర్రాన్ని మళ్లీ మెల్లగా దించి, చాలాసేపు దాని ముందు కూర్చుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. నుయ్యిలో మొగుడున్నాడు గనక అటే పోవాలనుకుంది.

గొట్టం మూతికి పాత పంచె ముక్క కట్టింది. తుపాకిని జొన్న చొప్ప నడుమ పెట్టి మోపు కట్టింది. మరిది గౌరయ్య మిరపకాయల బండి కట్టుకుని సూర్యాపేట పోతుంటే, "సంతల చొప్ప అమ్ముకుంట, నన్ను గూడ ఎక్కించుకో" అన్నది. అతనికి అసలు సంగతి చెప్పలేదు. చెబితే బండి కట్టడని కొంత, తెలియనివాణ్ణి కొట్టినా చంపరని కొంత.

బండి గతుకులో పడ్డప్పుడల్లా ఆమె మోపు మీద చెయ్యి వేసి అదిమేది. దారి పొడుగునా అదిమిన చెయ్యి అదిమినట్టే ఉంది. మునగాల దగ్గర పరగణా పోలీసు ఒకతను బండి ఆపాడు. వెనక చెట్టుకు గుర్రం కట్టేసి ఉంది. మిరప బస్తాలు పొడిచి చూసి, మోపు వైపు తిరిగాడు.

"ఏమ్మా, చొప్ప అమ్ముతావా? మా గుర్రం రెండ్రోజులుగా పస్తుంటోంది."

చొప్పకు ఇంత గిరాకీ ఉంటుందని ఆమె అనుకోలేదు. దాచడానికి మంచిదనుకున్నదే నలుగురి కంట్లో పడే సరుకైంది.

"కుదిరిపోయింది అయ్యా. సూర్యాపేటల ఇయ్యాలె."

"వాళ్లిచ్చేదే నేనూ ఇస్తాను. దించు."

గౌరయ్య దిగబోయాడు. ఆ మోపు అతనెత్తితే బరువు తెలిసిపోతుంది. సత్తెమ్మ ఒక్క ఉదుటున ముందుకు జరిగి, కట్టు వదులు చేయకుండా పై వరసలోంచే రెండు చేతులతో చొప్ప లాగి బండి దిగింది. అతని కాళ్ల దగ్గర కాక, గుర్రం ముందే తీసుకుపోయి వేసింది.

"పైస వద్దు అయ్యా. మూగజీవి, తిననీ" అన్నది.

ఉచితంగా వచ్చినదాన్ని బేరమాడే పోలీసు ఇంకా పుట్టలేదు. అతను సంతోషించి పొమ్మన్నాడు. బండి కదిలింది. చొప్ప తగ్గిన చోట గొంగడి అంచు నల్లగా కనిపిస్తోంది. సత్తెమ్మ దాని మీద కూర్చుంది. నింపిన తుపాకి మీద కూర్చున్నానని తెలిసీ, దిగే దారి లేక, తెలిసిన దేవతలందరికీ మొక్కుకుంటూ పరగణా దాటింది.

సూర్యాపేట పొలిమేరలో మోపు విప్పింది. గౌరయ్య చూశాడు.

"వదినా, ఇంత దూరం దీన్నా నాతోని మోయించింది?"

"తప్పైంది గౌరయ్యా. నువ్వు సూడలేదు, నీకెర్క లేదు. బండి ఆ చింతల కింద ఇప్పుకో. మీ అన్నను తీసుకొని వస్త."

మూసేసిన పత్తి మిల్లు ఆవరణలో విచారణ. జనం కిక్కిరిసి ఉన్నారు, అయినా సద్దు లేదు. తప్పిపోయిన కొడుకుల కోసం వచ్చినవాళ్లు, ఊళ్లో తుపాకులు లేవని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు, వస్తే ఏమో రాకపోతే ఏమోనని వచ్చినవాళ్లు. బల్ల వెనక ఉత్తరాది నుంచి వచ్చిన మిలిటరీ మేజరు, అతని పక్కన తెలుగు వచ్చిన సివిలు ఆఫీసరు. పట్టుబడినవాళ్లు వెనక గోదాములో ఉన్నారు. పేరు పిలిస్తేనే బయటకు తెస్తారు. బల్లకు ఎదురుగా కుర్చీల్లో పెద్దమనుషులు. వాళ్లలో రంగనాయకమ్మ. ముసుగు నొసటి మీదికి లాక్కుని, తుపాకి మాట వినిపించినప్పుడల్లా కళ్లు దించుకుంటోంది.

గేటు దగ్గర సిపాయీ సత్తెమ్మ చేతుల మీది తుపాకి తీసుకుని వరసలో పెట్టాడు. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది గనక గొట్టంలోకి ఎవరూ తొంగి చూడలేదు. హుకుంలో ఉన్నట్టే అంతా చేసిందని సత్తెమ్మ మనసులో చెప్పుకుంది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఎంత పెద్దదో బల్ల దగ్గర జరిగేది చూశాక తెలిసింది. కచేరీ జవానొకడు ఒక్కో తుపాకీ ఎత్తి, గుర్రం వెనక్కి లాగి, మీట నొక్కి చూస్తున్నాడు. టక్కుమంటే "పనిచేస్తది" అంటాడు. గుమాస్తా రాసుకుంటాడు. పొద్దుటి నుంచి అదే పని చేసి చేసి అతని చేతికి చూపు అక్కరలేకుండా పోయింది. గొట్టం ఎటు తిరిగి ఉందో కూడా చూసుకోవడం లేదు. కుర్చీల వైపు తిరిగి ఉంది.

సత్తెమ్మ పేరు పిలిచారు. ఆమె నిలబడింది.

"ఎవరి తుపాకి?" అన్నాడు సివిలు ఆఫీసరు.

"దొరసానిది అయ్యా. దొర పేరుది. పంట కావలికి మా ఆయనకిచ్చిన్రు. దాన్ని ఎవలు ఎత్తుకపోలె. ఆయన మంచె మీదనే పెట్టిండు. నేనే భయపడి దాసిన. ఆయన చెప్పింది నిజం, నా వల్ల అబద్ధమైంది. ఆయన్ని ఇడువుండ్రి."

ఆఫీసరు కుర్చీల వైపు తిరిగాడు. "అమ్మా, ఇది మీదేనా?"

రంగనాయకమ్మ తుపాకి వైపు చూసింది. ఇరవై ఏళ్లు ఇంటి గోడకు వేలాడినదాన్ని గుర్తుపట్టని మనిషి ఉండదు. కానీ అది తనదని ఒప్పుకుంటే ముందు తానన్న మాట అబద్ధమవుతుంది.

"సూస్తే మాది లెక్క లేదు" అన్నది మెల్లగా.

దొరసానిది కాకపోతే మరి జీతగానిదే. లైసెన్సు లేని తుపాకి, దాచిన తుపాకి. సత్తెమ్మ నోరు తెరిచేలోపు జవాను దాన్ని ఎత్తాడు. అలవాటు ప్రకారం గుర్రం వెనక్కి లాగాడు. తెల్లగుడ్డ కట్టిన మూతి సరిగ్గా రంగనాయకమ్మ రొమ్ముకు ఎదురుగా ఉంది.

ఆ రెప్పపాటు గురించి తరువాత ఎవరెన్ని కథలు చెప్పినా, సత్తెమ్మ మనసులో పగ మెదలలేదని నేననను. మెదిలింది. ఊరుకుంటే చాలు, ఆ అబద్ధం చెప్పిన నోరు మూతపడుతుంది. నింపి ఉందని తానే చెబితే మొగుణ్ణి తన నోటితోనే జైలుకు పంపినట్టు. రెండు విధాలా ఊరుకోవడమే లాభమనిపించింది. అయినా ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"ఆగు అయ్యా, నొక్కకు. అది నింపి ఉన్నది."

జవాను వేలు అక్కడే బిగుసుకుపోయింది. మేజరు లేచి నిలబడ్డాడు. జనం ఒకరి మీద ఒకరు పడుతూ వెనక్కి తగ్గారు. నాలుగు దిక్కుల నుంచి సిపాయీల తుపాకులు సత్తెమ్మ మీదికి తిరిగాయి. ఆమె చేతులు పైకెత్తింది. ఎవరూ ఎత్తమనలేదు, అవే లేచాయి.

ఒక సిపాయీ జవాను చేతిలోంచి దాన్ని జాగ్రత్తగా తీసుకుని మిల్లు వెనక్కు పోయాడు. కాసేపటికి దిక్కులు అదిరేలా పేలింది. ఆవరణలో సగం మంది నేల మీద కూలబడ్డారు. పసిపిల్లలు గుక్కపట్టారు. రంగనాయకమ్మ రెండు చేతులతో రొమ్ము పట్టుకుని, అక్కడ ఇంకా ప్రాణం ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఉంది. ఆమె సత్తెమ్మ వైపు చూసింది. వాళ్లిద్దరికే తెలుసు ఏం జరగబోయిందో, ఎందుకు జరగలేదో.

"మాదే" అన్నది రంగనాయకమ్మ. "మా దొరదే అయ్యా. కావలికి నేనే ఇచ్చిన. సంఘపోళ్లు ఎత్తుకపోలె. నేను భయపడి అట్ల చెప్పిన."

ఆఫీసరు మేజరుతో హిందుస్తానీలో మాట్లాడాడు. మేజరు విసుగ్గా తల ఊపాడు. మైసయ్య మీద కేసు లేదని గుమాస్తా రాశాడు. సత్తెమ్మకు ఊపిరి తిరిగింది. అది పూర్తిగా తిరగకముందే ఆఫీసరు ఇంకో ప్రశ్న వేశాడు.

"మరి నింపిందెవరు?"

ఏసుపాదం చెప్పిన మాట నిజమే. అడుగుతారు.

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. గొంతు తగ్గించి దారి కూడా చూపించాడు. "నీ మొగుడే నింపి ఉంటాడు, అవునా? అవునని చెప్పు. నువ్వు ఇంటికి పోవచ్చు."

"కాదయ్యా" అన్నది సత్తెమ్మ. "ఆయన్ని పట్టుకపోయినంక పందులు చేను పాడుచేస్తున్నయని నేను నింపిన."

"నీకు తుపాకి నింపడం వచ్చా? ఆడదానివి, ఎవరు నమ్ముతారు?"

ఆమె భయపడింది. నమ్మకపోతే మైసయ్య గోదాములోనే ఉంటాడు. అందుకే ఉత్త చేతులతో గాలిలోనే చూపించింది. మందు ఎంత పొయ్యాలో అరచేతిలో కొలిచి చూపింది. పీచు ఉండ చుట్టింది. ఇనుప చువ్వతో ఎన్ని పోట్లు పొడవాలో పొడిచింది. రవ్వలు పోసింది, మళ్లీ పీచు కుక్కింది, చివరకు రెండు వేళ్లతో టోపీ తొడిగింది. మంచె మీద మొగుడి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూసిన పని అది. చేతులు ఒక్కచోట కూడా తడబడలేదు. చూసేవాళ్లందరికీ నమ్మకం కుదిరింది. మేజరుకు మరీ కుదిరింది.

ఆఫీసరు కలం తీశాడు. నింపింది సత్తెమ్మేనని రాశాడు.

ఆమెను సిపాయీ వెనక గోదాము వైపు తీసుకుపోతుంటే తలుపు దగ్గర మైసయ్య ఎదురయ్యాడు. అప్పుడే వదిలారు. చిక్కి సగమయ్యాడు, కుడికాలు ఈడుస్తున్నాడు. సత్తెమ్మను చూసి మొహం వెలిగింది, వెంటనే భయం కమ్మింది.

"ఇందాక పేలింది మన తుపాకే గదా? ఆ సప్పుడు నాకెర్క. ఎవలకన్న తాకిందా? అది నేను నింపి..."

సత్తెమ్మ సిపాయీ వైపు చూసింది. అతనికి తెలుగు రాదు. బల్ల దగ్గరున్న ఆఫీసరుకు వచ్చు.

"నోరు మూస్కో" అన్నది పళ్ల బిగువున. "నువ్వేం నింపలె. ఎవలకేం తాకలె. తుపాకి సంగతి ఎవలతోని ఎత్తకు. గౌరయ్య బండి చింతల కింద ఉన్నది, పో."

"మరి నువ్వు?"

"గీడ ఏలిముద్ర ఎయ్యాలట. ఏసి ఎనకనే వస్త. నువ్వు నడువు."

మైసయ్య ఆమె చెప్పిన మాట ఎప్పుడూ కాదనలేదు. కాలీడ్చుకుంటూ జనంలోంచి దారి చేసుకుని గేటు దాటాడు. చింతల కింద గౌరయ్య అన్నను చూసి ఏడ్చాడు, బండిలో చొప్ప పరిచి కూర్చోబెట్టాడు. పొద్దు వాలింది. మిల్లు ముందు జనం పలచబడ్డారు, గేటు మూశారు. చీకటి పడితే రోడ్డు మీద కాలుస్తారని గౌరయ్య ఎడ్లు కట్టబోయాడు.

"జర ఆగురా" అన్నాడు మైసయ్య, గేటు వైపే చూస్తూ. "మీ వదినె ఏలిముద్ర ఏసి వస్త అన్నది."